చచ్చిలేచే పొదా, మాటతప్పిన మా ఆయనా

మా ఆయన తైసేక్వా పేరెత్తితే మా ఊళ్లో ఎవరైనా ముందు నవ్వుతారు, ఆ తర్వాత మాట్లాడతారు. నాకు మాత్రం ముందు ఒళ్ళు మండుతుంది, నవ్వు ఆ వెనక వస్తుంది. కాపురం చేసినదాన్ని కదా మరి.

తైసేక్వా అంటే "మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు" అని. పక్కింటివాళ్ళ మీద కోపంతో మా మామగారు పెట్టిన పేరది. మా ముతోకో సీమలో పేరు పెట్టేది బిడ్డ కోసం కాదు, కంచె అవతల వినేవాళ్ళ కోసం. కుక్కల పేర్లయితే మరీను. నవ్వు నాలుగు విధాల చేటంటారు గానీ, ఈయనకి ఆ నవ్వే సంకటి పెట్టింది, పరువూ తెచ్చింది.

ఆయనకి రెండు పనులు. ఒకటి, మా ఇంటి వెనకున్న బోడి రాతిగుట్ట ఎక్కి చచ్చిలేచే పొద కొమ్మలు తుంచుకొచ్చి బస్సులు ఆగే చోట అమ్మడం. రెండోది, చావు ఇళ్ళలో జనాన్ని నవ్వించడం.

రెండోదాన్ని పని అనకూడదు లెండి, అది చుట్టరికం కన్నా ఎక్కువ. మా ఆయనది కోతి వంశం. వాగు పక్కనుండే న్యారరాయ్‌ది ఏనుగు వంశం. తాతల కాలం నుంచీ ఈ రెండిళ్ళూ ఒకరికొకరు సహ్విర. వాళ్ళింట్లో ఎవరైనా పోతే మావాడు వెళ్ళి, పోయినవాళ్ళ బట్టలు తొడుక్కుని, వాళ్ళలాగే నడిచి, వాళ్ళలాగే తుమ్మి, వాళ్ళ గుట్టంతా రచ్చకెక్కించి, ఏడ్చేవాళ్ళని నవ్వించాలి. మా ఇంట్లో పోతే ఏనుగులొచ్చి ఆ పని చేయాలి. సహ్విర ఏమన్నా కోపం తెచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. వాడు "ఆగండి" అంటే శవం కూడా ఆగాల్సిందే. నవ్వు లేకుండా మట్టి వేస్తే పోయినవాడికి పరువు తక్కువ, ఉన్నవాళ్ళకి గుండె బరువు దిగదు.

మా ఆయనకి ఇది వెన్నతో పెట్టిన విద్య. న్యారరాయ్ తల్లి పోయినప్పుడు ఆవిడ తలగుడ్డ కట్టుకుని, ముక్కుపొడుం పీల్చి, నడుం పట్టుకుని మూలుగుతూ, ఊరి పెద్దమనిషి కళ్ళముందే ఆయన పెరట్లో దూరి గుమ్మడాకు కోసుకొచ్చాడు. ఆవిడ బతికినన్నాళ్ళూ చేసిన పనే అది. అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. "నా పెరటి గుమ్మడి ఎందుకు కాయట్లేదో ఇప్పుడర్థమైంది!" అని పెద్దమనిషి మజోంగ్వే పొట్ట పట్టుకుని నవ్వాడు. కోడళ్ళు నేలమీద దొర్లారు. న్యారరాయ్ ఒక్కడే నవ్వలేదు. వచ్చి మా ఆయన చేయి పట్టుకుని, "అమ్మ కనపడింది" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు.

ఆ న్యారరాయ్ అలాంటి మనిషి. ఎడ్లబండి చక్రాలు బాగుచేస్తాడు. మనిషి గాదె అంత ఉంటాడు, మాట గింజంత. ఆ పేరుకి "ఊరుకోండి" అని అర్థం. మా భాషలో ఏడ్చేవాళ్ళకీ అదే మాట, వాగేవాళ్ళకీ అదే మాట. వాడికి రెండోదే పనికొచ్చింది, పుట్టినప్పుడే ఊరుకున్నాడు. ఎంత హాస్యమాడినా దున్నపోతు మీద వాన పడ్డట్టే. మన జోకు పూర్తయ్యాక "తర్వాత ఏమైంది?" అని అడుగుతాడు. అడిగేది నిజంగా తెలుసుకోవాలనే, అదీ మన ఖర్మ.

ఇక ఆ పొద సంగతి. దాని పేరు ముఫాందిచిముకా, చచ్చి మళ్ళీ లేచేదని అర్థం. మోకాలెత్తు పొద. నాలుగు గింజలు మొలవడానికి కూడా మట్టిలేని చోట, రాతి పగుల్లో వేళ్ళు దించుకుని కూర్చుంటుంది. వానలు వెనకపడితే ఆకులన్నీ కుచ్చిళ్ళు పెట్టినట్టు మడుచుకుని కొమ్మకి అతుక్కుపోతాయి. అప్పుడు చూస్తే పొయ్యిలోంచి తీసిన చీపురే, నలిపితే పొడి. అదే, ఒక్క మంచి వాన పడనీ. పొద్దున్న బూడిదరంగులో ఉన్న గుట్ట పొద్దువాలేసరికి పచ్చగా ఉంటుంది. ఆకులు విసనకర్రల్లా విచ్చుకుంటాయి. కర్పూరం, నిమ్మతొక్క కలిపి నలిపిన వాసన మా వాకిలి దాకా వస్తుంది. దగ్గుకి కషాయం, పడిశానికి ఆవిరి, నడుంనొప్పికి కాపడం, మూర్ఛపోయినవాళ్ళకి పొగ. పాలు విరిగిన రోజు నేను టీ పొడి కూడా వెతుక్కోను, ఇదే మరిగిస్తాను.

బస్సులు ఆగే చోట మా ఆయన ఎండుకొమ్మల కట్టలు పరిచి, పక్కన ఒక డబ్బాలో నీళ్ళు పెట్టుకునేవాడు.

"చూడమ్మా, ఇది చచ్చిందా, బతికుందా?"

"చచ్చింది."

"మీ ఆయనలాగా?"

"ఛీ, కోతిబుద్ధి!"

"సరే, నీళ్ళలో వేస్తున్నా. సంతంతా తిరిగిరా. ఇది లేస్తే మీ ఆయన దగ్గు కూడా లేచిపోతుంది. ఇది లేస్తే ఎవరైనా లేస్తారు, నాది మాట!"

సంత తిరిగొచ్చేసరికి కొమ్మ పచ్చగా విచ్చుకుని ఉండేది. కట్ట కొనక ఏంచేస్తుంది? అందరి దగ్గులకీ మందమ్మాడు గానీ సొంత దగ్గు మాత్రం పోలేదు ఆయనకి. గుట్ట ఎక్కుతుంటే ఛాతీ పిల్లికూతలు కూసేది. ఒకసారి ఎడమ మోకాలు మడతపడి జారి, పొదని పట్టుకుని వేలాడాడు. అంత లావు మనిషిని ఆపింది, చూడండి దాని వేరు! ఇక ఒంటరిగా ఎక్కనని నా చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే చాప ఖాళీ. గుట్ట మీంచి ఈల వినిపిస్తోంది.

 అప్పుడే మా చెల్లెలు పంపిన కుక్కపిల్ల ఉంటే, దానికి "మాటతప్పావ్" అని పేరు పెట్టాను. ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే వాకిట్లో నిలబడి, "మాటతప్పావ్! ఇలా రా! సిగ్గులేదూ నీకు? ఎక్కడ తిరిగొస్తున్నావ్?" అని ఊరంతా వినేలా పిలిచేదాన్ని. ఆయన తలొంచుకుని వచ్చేవాడు. కుక్క కూడా వచ్చేది. ఇద్దరికీ ఒకేసారి సంకటి పెట్టేదాన్ని.

మా దగ్గర భర్తని వంశం పేరుతో పిలవడం మర్యాద. నేనూ "కోతీ" అని మర్యాదగానే పిలిచేదాన్ని. కొన్నిసార్లు మర్యాద కాదు.

ఆ తర్వాత గుట్టకి నేనూ వెంటవెళ్ళడం మొదలుపెట్టాను. ఒకరోజు పూత పట్టే వేళ ఇద్దరం కొసలు తుంచుతున్నాం. కొసలే తుంచాలి, వేరు జోలికి వెళ్ళకూడదు. ఆ పువ్వుకి రేకలే ఉండవు. ఆడపొద వేరు, మగపొద వేరు. మగపొద పుప్పొడిని గాలికి వదిలేస్తుంది, ఆడపొదకి చేరితే చేరినట్టు.

"చూశావా, పెళ్ళికి మధ్యవర్తిని పంపక్కర్లేదు, మామకి ఆవులివ్వక్కర్లేదు. ఎంత సుఖం!" అన్నాడు.

"ఆఁ, గాలికి వదిలేసి కూర్చోవడం మీ మగజాతికి కొత్తా?" అన్నాను.

నవ్వాడు, దగ్గాడు, దగ్గి దగ్గి రాయి మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆయాసం తగ్గాక, "వాడు నా చావుకి ఏం చేస్తాడే?" అన్నాడు.

"ఎవడు?"

"ఇంకెవడు, ఆ ఏనుగు. ఏనుగుల ఇంట్లో నేను నవ్వించని చావు లేదు. రేపు నన్ను పడుకోబెడితే ఆ మొద్దు వచ్చి చేతులు కట్టుకుని నిలబడతాడు. జనం ఆవలిస్తారే! నా చావులో ఆవలింతలు!"

"ముందు కషాయం తాగు. చావు సంగతి తర్వాత."

"నాకు చావంటే భయం లేదు, చేనాయ్ తల్లీ. చప్పటి చావంటేనే భయం."

చేనాయ్ మా కూతురు. ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆయన ముఖం చూశాను. ఎగతాళి కాదు, కళ్ళలో నీళ్ళున్నాయి. అప్పుడు నాకూ భయమేసింది. సహ్విరని మార్చుకోడానికి లేదు. తాతలిచ్చింది. దొరికినవాడితోనే సర్దుకోవాలి, మొగుడితో సర్దుకున్నట్టు.

ఇక పాఠాలు మొదలయ్యాయి. రోజూ బండిపని అయ్యాక న్యారరాయ్ మా వాకిట్లోకి వచ్చి బుద్ధిగా నిలబడేవాడు.

"ఏనుగా, నాలాగ నడువు. ఎడమ కాలు ఈడ్చు."

"ఏ ఎడమ?"

"నీకెన్ని ఎడమలున్నాయిరా!"

వాడు ఎడమకాలు జాగ్రత్తగా ఎత్తి, జాగ్రత్తగా పెట్టి, ఆగి, "నొప్పి ఎక్కువైందా సహ్విరా? కట్టు కట్టనా?" అని అడిగేవాడు. దగ్గమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మర్యాదగా ఒక్కసారి దగ్గేవాడు. మా ఆయన తన టోపీ ఇచ్చి పెట్టుకోమంటే దుమ్ము దులిపి, అంచులు సరిచేసి, పెళ్ళికొడుకులా పెట్టుకునేవాడు. నేను పొయ్యి దగ్గర పొంగుతున్న సంకటి వదిలేసి నవ్వుతుంటే, మా ఆయన తల పట్టుకునేవాడు.

"నా గుట్టు చెప్పు! నేను చేసిన వెధవపనులు నీకు తెలియవూ?"

"తెలుసు."

"చెప్పు మరి!"

"నువ్వే చెప్పొద్దన్నావు కదా."

"అయ్యో నా రాతా! చచ్చాక చెప్పొచ్చురా!"

"అయితే అప్పుడు చెబుతా," అన్నాడు న్యారరాయ్ నెమ్మదిగా.

లాభంలేదని ఒకరోజు మా ఆయన వాకిట్లో చాప పరిపించి, దుప్పటి కప్పుకుని శవంలా పడుకున్నాడు. "ఇప్పుడు నేను పోయాను. కానీయ్!" అన్నాడు దుప్పట్లోంచి. న్యారరాయ్ టోపీ పెట్టుకుని చాప పక్కన నిలబడి, చాలాసేపు ఆలోచించి, కళ్ళు తుడుచుకుంటూ, "మంచివాడు," అన్నాడు. "గట్టిగా ఏడువు... అహ, నవ్వించు!" అని దుప్పటి గొణిగింది. సరిగ్గా అప్పుడే పక్కింటి జ్వన్యాద్జ ముసలమ్మ నిప్పు కోసం వచ్చింది. చాప చూసింది, దుప్పటి చూసింది, న్యారరాయ్ కళ్ళు చూసింది. చిప్ప పారేసి పెట్టిన కేకకి గుట్ట మీద కొండముచ్చులు లేచిపోయాయి.

నేను పరిగెత్తి నోరు మూసేలోపే జనం దిగారు. మొక్కజొన్నపిండి తెచ్చినవాళ్ళు, కట్టెలు తెచ్చినవాళ్ళు, డోలు తెచ్చినవాళ్ళు. మజోంగ్వే పెద్దమనిషైతే మేకనే లాక్కొచ్చాడు. మా ఆయన దుప్పటి తీసి కూర్చుని, జనాన్ని ఒకసారి పరకాయించి చూసి, "పిండి అటు పెట్టండి. మేకని ఇటు కట్టండి," అన్నాడు. ముసలమ్మ నిజంగానే మూర్ఛపోయింది. ఆ పొద పొగే పెట్టి లేపాం. పెద్దమనిషి తన మేకని తీసుకెళ్ళడమే కాదు, జరిమానా కింద మా మేకని కూడా తోలుకెళ్ళాడు.

"చూశావా, చచ్చి లేచాను," అన్నాడు మా ఆయన ఆ సాయంత్రం, కోతి వంశమంతా తనే అయినట్టు.

"నిజంగా పోయిననాడు ఎవడూ రాడు, చూసుకో," అన్నాను.

నా నోట్లో నిప్పుపడ! ఆ ఏడు వానలు రాలేదు. గుట్టంతా చీపుళ్ళే. ఆయన ఛాతీ కూడా ఆ గుట్టలాగే ఎండిపోయింది. కషాయం తాగాడు, ఆవిరి పట్టాడు, ఆసుపత్రికెళ్ళి గోలీలు మింగాడు. చివరి వారమంతా చాప మీదే ఉన్నాడు. న్యారరాయ్ బండి చక్రాలు వదిలేసి వచ్చి పక్కన కూర్చునేవాడు. ఒకడు మాట్లాడలేడు, ఒకడు మాట్లాడడు. ఒకరోజు నేను వెళ్ళి ముఖానికి నీళ్ళు కొట్టుకుని వచ్చేసరికి న్యారరాయ్ మా ఆయన టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. దుమ్ము దులపలేదు. అప్పుడర్థమైంది నాకు.

చేనాయ్ ఊళ్ళోకి పరిగెత్తి చెబితే ఒక్కరూ నమ్మలేదు. "మళ్ళీనా? పిండి లేదు, ముందు మీ నాన్నని లేవమను!" అన్నారు. "ఈసారి మేకని తేను," అన్నాడట మజోంగ్వే. నా కేక విన్నాక గానీ కదల్లేదు. కదిలాక మాత్రం వాగు అవతలి ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. మర్నాడు పొద్దున్నే శవపెట్టెని, రాత్రంతా ఉంచిన వంటగుడిసె లోంచి వాకిట్లోకి తెచ్చారు. జనం కూర్చున్నారు, గుసగుసలు. "ఎవరు నవ్విస్తారు?" "ఇంకెవరు, ఆ ఏనుగు." "అయ్యో పాపం." ఒకడు అప్పుడే నోరు తెరిచి ఆవలించబోతున్నాడు. నా కళ్ళారా చూశాను. వాడి పీక నొక్కుదామనిపించింది.

న్యారరాయ్ వచ్చాడు. తల మీద మా ఆయన టోపీ. కాలు ఈడ్వలేదు, దగ్గలేదు. తిన్నగా వంటగుడిసె చూరు దగ్గరికెళ్ళి, అక్కడ వేలాడే కట్టలోంచి ఒక ఎండుకొమ్మ లాగాడు. బస్సుల దగ్గర పెట్టుకునే ఆ డబ్బా తెచ్చి, నీళ్ళు పోసి, కొమ్మ అందులో వేసి, పెట్టె మీద తలవైపు పెట్టాడు. పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఏనుగా, ఏమిటిది?" అన్నాడు మజోంగ్వే.

"నీళ్ళు."

"అది తెలుస్తూనే ఉంది. ఎందుకని?"

"ఇది లేస్తే ఎవరైనా లేస్తారని మాటిచ్చాడు," అన్నాడు న్యారరాయ్. "ఆగుదాం."

సహ్విర ఆగమంటే ఆగాలి. గొయ్యి తవ్వినవాళ్ళు పారలు పారేసి వచ్చి కూర్చున్నారు. ఎండెక్కింది. ముందు జనం గొణిగారు, తర్వాత ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. మొదటి కుచ్చిళ్ళు వదులైనప్పుడు జ్వన్యాద్జ ముసలమ్మ "కదిలింది!" అంది. ఏది కదిలిందో తెలియక ముందు వరసవాళ్ళు ఇంత ఎత్తున లేచారు. ఒకసారి లేచినవాడు కదా పాపం, ఏమో! కొమ్మని ఒక కంట, పెట్టెని ఒక కంట చూస్తున్నారు. న్యారరాయ్ మాత్రం చక్రం అతుకు ఆరేదాకా కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పొద్దు వాలేవేళకి ఆకులన్నీ విచ్చుకున్నాయి. పచ్చగా. ఆ వాసన వాకిలంతా నిండింది, మా ఆయన చొక్కా వాసన.

న్యారరాయ్ లేచాడు. కొమ్మని చూశాడు. వేలి కణుపుతో పెట్టె మీద టకటకమని కొట్టాడు, చక్రం గట్టిదో కాదో చూసినట్టు.

"సహ్విరా, ఇది లేచింది."

ఆగాడు. 

"నీ వంతు."

మళ్ళీ ఆగాడు. చెవి పెట్టెకి ఆనించి విన్నాడు. అప్పుడు నిటారుగా నిలబడి, తల అడ్డంగా ఊపి, నిష్ఠూరంగా, "మాటతప్పావ్," అన్నాడు.

గాదె కింద పడుకున్న కుక్క లేచింది. ఒళ్ళు దులుపుకుని, తోకాడించుకుంటూ, జనం మధ్యలోంచి తలొంచుకుని వచ్చి పెట్టె ముందు కూర్చుంది, అచ్చం ఆయన వచ్చినట్టే.

న్యారరాయ్ దాన్ని చూశాడు. పెట్టెని చూశాడు. "నిన్ను కాదు," అన్నాడు కుక్కతో.

అంతే! వాకిలి బద్దలైంది. కోడళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. మజోంగ్వే పీట మీంచి వెనక్కి దొర్లాడు. గొయ్యి తవ్వినవాళ్ళు పారలు కొట్టి మరీ నవ్వారు. నేను విధవరాలిని, ముసుగులో ముఖం దాచుకుని ఏడవాల్సినదాన్ని. ఆ ముసుగే నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. పక్కటెముకలు నొప్పెట్టేలా నవ్వాను. అంత మందిలో ఒక్క ఆవలింత లేదు, కోతీ, ఒక్కటీ లేదు. ఆ ఆవలించబోయినవాడు కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు.

న్యారరాయ్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని పెట్టెకి ఆనుకున్నాడు. భుజాలు కుదుపుతున్నాయి. "ఏనుగు నవ్వుతోందిరోయ్! ఇన్నాళ్ళకి నవ్వాడు!" అని జనం ఇంకా నవ్వారు. నేను దగ్గరగా ఉన్నాను. టోపీ కిందనుంచి చుక్కలు రాలి పెట్టె మీద పడుతున్నాయి.

లేచి వెళ్ళి వాడి వీపు మీద చెయ్యి వేశాను. "న్యారరాయ్," అన్నాను. పేరు పెట్టి పిలిచానో, ఊరుకోమన్నానో నాకే తెలీదు.